మీ ఆదివారానికి కూలి ఎంత?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. ఒంగోలులో ఉంటూ చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తుంటాను. జీతం చేతికి 28 వేలు. కార్ల మీద ఇష్టం కొద్దీ నిరుడు 62 వేలు పెట్టి ప్రెషర్ పంపు, వ్యాక్యూమ్ క్లీనరు, పాలిషింగ్ మిషను, మిగతా సరంజామా కొన్నాను. శని, ఆదివారాల్లో ఇళ్ళ దగ్గరకే వెళ్ళి కారు లోపలా బయటా పూర్తిగా శుభ్రం చేసి ఇస్తున్నాను. వాటర్ సర్వీసింగ్ వాళ్ళు తీసుకునేదానికి దాదాపు రెట్టింపు కదా అని కారుకు 900 పెట్టాను. నెలకు తొమ్మిది కార్లు వస్తున్నాయి, ఎనిమిది వేలు మిగులుతున్నాయి. అందరూ తెలిసినవాళ్ళే. రేటు పెంచితే పోతారేమోనని భయం. కొత్తవాళ్ళను ఎలా పట్టుకోవాలో తెలియడం లేదు. కర్నూలు రోడ్డులో చిన్న షాపు తీసుకుని సెరామిక్ కోటింగ్ (పెయింటును కాపాడే పూత) కూడా మొదలుపెట్టమని స్నేహితులు అంటున్నారు. దానికి మూడు లక్షలు కావాలి. మా ఆవిడ గొలుసు కుదవ పెట్టమంటారా? ఖర్చుల కాగితం జత చేశాను.
పేరు వద్దన్న పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఎనిమిది వేలు మిగలడం లేదండీ, వస్తున్నాయి. వచ్చేదానికీ మిగిలేదానికీ మధ్య ఎంత దూరముందో ముందు తేలుద్దాం. షాపు, గొలుసు సంగతి ఆ తర్వాత.

మీ కాగితంలో కారుకు కెమికల్స్ 140, పెట్రోలు 60 అని ఉంది. మైక్రోఫైబర్ గుడ్డలు ఊరికే రావు. ఒకసారి నేల మీద పడిన గుడ్డను మళ్ళీ బానెట్‌కు ఆనించకూడదని మీకు చెప్పక్కర్లేదు. దానికి 40 వేసుకోండి. 62 వేల సామాను మూడేళ్ళు నడుస్తుందనుకుంటే నెలకు 1,720 చొప్పున అరిగిపోతోంది. తొమ్మిది కార్ల మీద పంచితే తలకు 190. మొత్తం ఖర్చు 430. తొమ్మిది వందల్లో మీకు దక్కేది 470, నెలకు 4,230.

ఇప్పుడు గంటలు చూడండి. కారు మీద నాలుగున్నర గంటలు, రానూ పోనూ ముప్పావు గంట, ఇంటికొచ్చి గుడ్డలు ఉతికి ఆరేయడానికి అరగంట. వెరసి ఐదు గంటల ముప్పావు. 470ని దీంతో భాగిస్తే గంటకు 82 రూపాయలు. మీ జీతం 28 వేలను 26 రోజులు, ఎనిమిది గంటల లెక్కన విడదీస్తే గంటకు 135 దాకా వస్తుంది. సోమవారం ఫ్యాక్టరీ వాళ్ళు మీ గంటకు 135 ఇస్తుంటే, ఆదివారం పిల్లల దగ్గర ఉండాల్సిన గంటను మీరు 82కి ఇచ్చేస్తున్నారు.

మీ నాన్నగారు టంగుటూరు దగ్గర పొగాకు వేసేవారని ఉత్తరం చివర్లో రాశారు. మాదీ సేద్యం చేసిన ఇల్లే కాబట్టి చనువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఎరువుకు ఎంత, పుల్లలకు ఎంత, ఆకును మంట వేడికి ఆరబెట్టే బ్యారన్ అద్దె ఎంత అని రైతు అన్నీ రాస్తాడు. రాత్రంతా బ్యారన్ దగ్గర కూర్చుని మంట చూసుకున్న ఇంటి మనుషుల కూలి మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కదు. అయినా ఆయన చేయగలిగిందేమీ లేదు, వేలం రోజున బేలు రేటు చెప్పేది కొనేవాడు. మీ పనిలో రేటు చెప్పేది మీరే. కూలి రాసుకోని ఇంటి అలవాటు మాత్రం మీతోపాటు వచ్చేసింది.

వాటర్ సర్వీసింగ్ రేటుకు రెట్టింపు పెట్టడంలో ఒక పొరపాటు ఉంది. వాళ్ళ దగ్గర ర్యాంపు ఎక్కిన బండి అరగంటలో దిగాలి, రోజంతా బళ్ళు తిరుగుతూ ఉంటేనే వాళ్ళకు గిట్టుబాటు. మీరు నాలుగున్నర గంటలు ఒకే కారు మీద వంగి, ఏసీ గాలి వచ్చే రెక్కల సందుల్లో బ్రష్ పెట్టి దుమ్ము తీస్తారు. వాళ్ళ పనీ మీ పనీ ఒకటి కాదు. మీరు అమ్ముతున్న సరుకు మీ గంటలే, అవి నెలకు అరవైకి మించి లేవు. శనివారం సాయంత్రం మూడు, ఆదివారం ఎనిమిది, వారం మధ్యలో రెండు సాయంత్రాలు కలిపి ఇంకో నాలుగు. అంటే మీరు రాత్రింబవళ్ళు కష్టపడ్డా నెలకు పది కార్లు దాటవు. సరుకు ఇంత తక్కువ ఉన్నవాడు చవగ్గా అమ్మకూడదు.

చిన్న కార్లకు 1,800, ఇన్నోవా, క్రెటా లాంటి పెద్ద బళ్ళకు 2,500 పెట్టండి. చిన్న కారు మీద ఖర్చు 430 పోను గంటకు దాదాపు 238 పడుతుంది. మీరు నేర్చుకున్న పనికి అది ఎక్కువేమీ కాదు.

పోతారేమోనన్న భయానికి కూడా లెక్కతోనే జవాబు చెబుతాను. ఇప్పుడున్న తొమ్మిది మందిలో ఐదుగురు పోయారనుకోండి. మిగిలిన నలుగురి దగ్గర 7,200 వస్తుంది. కెమికల్స్, పెట్రోలు, గుడ్డలకు 960, సామాను అరుగుదల 1,720 తీసేస్తే 4,520 మిగులుతుంది. తొమ్మిది కార్లు కడిగి సంపాదిస్తున్న దానికన్నా దాదాపు మూడొందలు ఎక్కువే, పని మాత్రం 52 గంటల నుంచి 23కి దిగింది. సగానికి పైగా కస్టమర్లు పోయినా మీకు నష్టం లేదు.

ఇక మొహమాటం సంగతి. ఒక్కొక్కరికీ వేరువేరుగా నచ్చజెప్పుకోకండి. వాట్సాప్‌లో ఒకే మాట పెట్టండి: "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చిన్న కారుకు 1,800, పెద్ద బండికి 2,500. ఈ నెలాఖరులోపు చేయించుకుంటే పాత రేటే." పెట్రోలు పెరిగిందనీ షాంపూ పెరిగిందనీ సంజాయిషీలు ఇవ్వకండి, ఇస్తే బేరం మొదలవుతుంది. బావమరిది కారుకు డబ్బులు అడగలేరు, అది నాకూ తెలుసు. అలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారో అనుకుని ఖర్చుల్లో రాసుకోండి, బయటివాళ్ళకు మాత్రం ఆ రేటు చెప్పకండి. ఆ తర్వాత కొత్తగా అడిగిన పదిమందికీ రేటు చెబితే పదిమందీ వెంటనే సరేనన్నారంటే మీ రేటు ఇంకా తక్కువ ఉన్నట్టే.

కొత్తవాళ్ళు ఎలా దొరుకుతారన్నారు. నన్నడిగితే కొత్తవాళ్ళకన్నా ముందు నెలవారీ వాళ్ళను చూసుకోవాలి. ఒకసారి పూర్తిగా శుభ్రం చేసిన కారును నెల తిరక్కముందే మళ్ళీ పట్టుకుంటే గంటా ముప్పావులో అయిపోతుంది. దానికి 700 పెట్టండి. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు కార్లు దొరికితే ప్రయాణం ఒకటే, గుడ్డల ఉతుకుడు ఒకటే. రెండిటికీ కలిపి 1,400 వస్తుంది. కెమికల్స్ 140, పెట్రోలు 60, గుడ్డలు 40 పోతే 1,160, పట్టే సమయం నాలుగు గంటల ముప్పావు. మిషన్ల అరుగుదల వాటా తీసేసినా గంటకు రెండొందలు దాటుతుంది. పైగా వచ్చే నెల ఎవరు పిలుస్తారా అని ఫోను చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. నెలకు ఐదు పెద్ద పనులు, జంటలుగా పన్నెండు నెలవారీ కార్లు పెట్టుకుంటే 57 గంటల్లో ఖర్చులన్నీ పోను 13 వేలు చేతికొస్తాయి. ఇప్పటి 4,230 పక్కన పెట్టి చూసుకోండి.

ఆ పన్నెండు కార్ల కోసం ఊరంతా పాంప్లెట్లు పంచొద్దు. రెండు మూడు అపార్ట్‌మెంట్లు ఎంచుకోండి, ఒకే వీధిలో ఉంటే మరీ మంచిది. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ తెల్లారే బకెట్టు, గుడ్డ పట్టుకుని కార్లు తుడిచే మనిషి ఒకడుంటాడు. అతను మీకు పోటీ అనుకుంటే మీరే నష్టపోతారు. ఏ కారు ఎవరిది, ఎవరు కారును ప్రాణంగా చూసుకుంటారు, ఎవరి సీట్ల మీద పిల్లలు పాలు ఒలకబోశారు, అన్నీ అతనికే తెలుసు. రెండు మంచి మైక్రోఫైబర్ గుడ్డలిచ్చి, అతను చూపించిన ప్రతి కారుకూ వంద చేతిలో పెట్టండి.

అసోసియేషన్ సెక్రటరీని కలిసేటప్పుడు ఆయన అడగకముందే మీరు నీళ్ళ మాట ఎత్తండి. ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం చందాలు వేసుకునే చోట ప్రెషర్ పంపు చూస్తే ఎవరికైనా మండుతుంది. శుభ్రంగా ఉంచుకునే నెలవారీ కార్లకు కడిగే అవసరం లేని షాంపూలు ఉన్నాయి, ఒక బకెట్టు నీళ్ళతో పని అయిపోతుంది. ఆ నీళ్ళు కూడా మీరే క్యాన్లలో తెచ్చుకుంటానని చెప్పండి. ఎలాగూ అక్కడి బోరు నీళ్ళు వాడితే నల్ల కారు మీద తెల్లటి ఉప్పు మచ్చలు మిగిలి మీకే చెడ్డపేరు.

చీమకుర్తి వైపు రోజూ తిరిగే కార్లు మీకు దేవుడిచ్చిన బేరం. వాటి మీద రాతిపొడి పేరుకుంటుంది. డ్రైవరు పొడిగుడ్డతో దాన్ని తుడిచిన ప్రతిసారీ గరుకు కాగితం రుద్దినట్టే. ముందు నురగ పెట్టి నాననిచ్చి, నీళ్ళతో వదిలించాకే చెయ్యి పెట్టాలని మీకు తెలుసు, కారు ఓనరుకు తెలియదు. సెల్‌ఫోన్ టార్చి వేసి బానెట్ మీది గుండ్రటి గీతలు ఆయనకు చూపించండి. ఆ తర్వాత మీరేమీ చెప్పక్కర్లేదు. మీ యజమానుల కార్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. ముందు ఉద్యోగపు ఆర్డరు కాగితంలో పక్క పనుల గురించి ఏం రాశారో చదువుకోండి.

సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్మేవాళ్ళు కూడా పిలుస్తారు. పని బోలెడంత ఇస్తారు కానీ డబ్బులు "కారు అమ్ముడుపోగానే" అంటారు. డబ్బు చేతికొచ్చాకే తాళం ఇచ్చే ఏర్పాటుకు ఒప్పుకుంటేనే వెళ్ళండి.

పని మొదలుపెట్టే ముందు కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. పోయినేడాది నెల్లూరులో ఒకచోట నా కారు కడగడానికి ఇచ్చాను. సాయంత్రం ఎండలో చూస్తే డ్రైవరు వైపు తలుపు మీద జానెడు గీత. "ముందే ఉంది సార్" అన్నాడు కుర్రాడు. ఉందేమో, నాకు గుర్తులేదు. వాడి దగ్గరా నా దగ్గరా రుజువు లేదు, నేను మళ్ళీ అక్కడికి పోలేదు. ఆ వీడియో ఉంటే నాలాంటి కస్టమరు మీకు మిగులుతాడు. అయినా ఎప్పుడో ఒకప్పుడు తప్పు మీ చేతి మీదుగానే జరుగుతుంది. వచ్చిన ప్రతి వందలో పది దానికని తీసి పెట్టండి.

రాబడి ఏడాదంతా ఒకేలా ఉండదు. రోహిణి కార్తెలో పొద్దున తొమ్మిది దాటితే షాంపూ బానెట్ మీదే ఆరిపోయి చారలు కడుతుంది, ఆదివారం ఎనిమిది గంటలు నాలుగుకు పడిపోతాయి. దసరాకు ఆయుధపూజ ముందు వారం, సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు బళ్ళు ఊళ్ళోకి దిగినప్పుడు ఊపిరాడదు. ఈ రెండు పండగల మధ్య మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు. ఆ నెలల్లో బయట కడిగించుకునేవాడు ఉండడు. తడిసిన మ్యాట్ల వాసన, సీట్ల మీద బూజు పోగొట్టే పని మాత్రం అప్పుడే ఉంటుంది, దానికి విడిగా రేటు పెట్టుకోండి.

పన్ను గురించి భయం వద్దు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ రిజిస్ట్రేషను అక్కర్లేదు. జీతమూ ఇదీ కలిపినా కొత్త పద్ధతిలో 12 లక్షల లోపే కాబట్టి ఇప్పటి లెక్కల ప్రకారం పన్ను పడదు. రిటర్ను మాత్రం ఐటీఆర్-1లో కాకుండా చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళు వేసే ఐటీఆర్-4లో వేయాలి. ఈ డబ్బుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, క్యూఆర్ కోడ్ దానికే పెట్టండి. జీతం ఖాతాలో కలిసిన రాబడి ఎటు పోయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సామాను అరుగుదల 1,720ని నెలనెలా బ్యాంకులో మూడేళ్ళ ఆర్‌డీలో వేయండి, మూడేళ్ళకు కొత్త పంపు అప్పు లేకుండా వస్తుంది.

ఇక షాపు. మూడు లక్షలు మూడేళ్ళకు 14 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు 10,250 కట్టాలి. అద్దె తొమ్మిది వేలు, కరెంటు రెండు వేలు అనుకుందాం. తెల్లారితే నెలకు 21 వేల పైచిలుకు. 1,800 కారు మీద మీకు మిగిలేది 1,370. ఆ ఖర్చు పూడ్చడానికే 16 కార్లు కావాలి. మీ అరవై గంటల్లో పదికి మించి పట్టవు. సోమవారం నుంచి శుక్రవారం దాకా షట్టరు దించి ఉండే షాపుకు అద్దె కడతారా, లేక ఉద్యోగం మానేస్తారా? ఈ రెండోది మీరు అడగలేదు కాబట్టి నేనూ మాట్లాడను. సెరామిక్ కోటింగ్‌కు ముందు పెయింటు మీది గీతలన్నీ పాలిషింగ్‌తో తీయాలి. దుమ్ము పడని గది కావాలి. అన్నిటికన్నా చేయి తిరగాలి. పాత స్క్రాప్ బానెట్ ఒకటి కొని ఇంట్లో సాధన చేయండి, దానికి మూడు లక్షలు అక్కర్లేదు.

గొలుసు కుదవ పెట్టొద్దు. రేపెప్పుడైనా నిజంగా సామానుకు డబ్బు అవసరమైతే 2015 నుంచి ఉన్న ముద్ర రుణాల్లో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా బ్యాంకును అడగొచ్చు.

ఈలోగా ఒక చిన్న పుస్తకం పెట్టి ఆరు ఆదివారాలు రాయండి. ఏ కారుకు ఎన్ని గంటలు, ఎంత వచ్చింది, రేటు విని వద్దన్నవాళ్ళు ఎంతమంది. ఆ చివరి అంకె తప్పకుండా రాసి పంపండి, 1,800 ఉంచాలా, ఇంకా పెంచాలా అన్నది దాన్ని చూసి చెబుతాను.