రేటు తగ్గించామన్నారు, మరి బిల్లు ఎందుకు పెరిగింది?

మీరు అడిగినవి రెండు సంగతులు. టెక్సస్‌లో మీరుంటున్న చిన్న ఊరి కౌన్సిల్ ఆస్తిపన్ను రేటు తగ్గించామని ప్రకటించింది, మీ బిల్లు మాత్రం పెరిగింది, ఇదెలా అన్నది మొదటిది. రాత్రిపూట వీధిలో కారు నిలపకూడదని ఆర్డినెన్స్ (కౌన్సిల్ చేసే ఊరి చట్టం) తెస్తున్నారట, ఇంగ్లీషు అంతగా రాని మీ నాన్నగారు కౌన్సిల్ ముందు మాట్లాడవచ్చా అన్నది రెండోది. నేనూ టెక్సస్‌లోనే, 30,000 లోపు జనాభా ఉన్న ఊళ్లో ఉంటాను. ఊరి బడ్జెట్ సలహా సంఘంలో కొంతకాలం పనిచేశాను. కౌన్సిల్ సమావేశాలకు ఇప్పటికీ వెళుతుంటాను, ఇంట్లో వాళ్లు నవ్వుతున్నా సరే.

ముందు లెక్క చూద్దాం. నిరుడు మీ ఇంటి విలువ 4,00,000 డాలర్లు, ఊరి రేటు ప్రతి 100 డాలర్లకు 50 సెంట్లు అనుకోండి. ఊరికి కట్టింది 2,000 డాలర్లు. ఈ ఏడు విలువ 4,40,000 అయింది, కౌన్సిల్ రేటును 47 సెంట్లకు దించింది. ఇప్పుడు కట్టాల్సింది 2,068. మూడు సెంట్లు తగ్గించిన మాట నిజమే, మీ జేబులోంచి 68 డాలర్లు ఎక్కువ పోయిన మాటా నిజమే. ప్రకటనలో మొదటి మాట పెద్ద అక్షరాల్లో వస్తుంది, రెండోది మీరు లెక్క కట్టుకోవాలి.

ఈ కనికట్టును పట్టుకోవడానికి చట్టంలో ఒక అంకె ఉంది. దాన్ని నో న్యూ రెవెన్యూ రేటు అంటారు. నిరుడు ఉన్న ఆస్తుల నుంచి నిరుడు వచ్చినంత సొమ్మే రావాలంటే ఈ ఏడు ఎంత రేటు వేయాలో అది చెబుతుంది. ఊరంతా విలువలు 10 శాతం పెరిగాయనుకుంటే, పై లెక్కలో అది సుమారు 45.45 సెంట్లు. కౌన్సిల్ వేసిన 47 అంతకన్నా ఎక్కువ కాబట్టి, చట్టం దృష్టిలో అది పెంపే. ఆ అంకె దాటితే తీర్మానం ప్రతిపాదించే సభ్యుడు తనకు తోచిన మాటలు వాడటానికి వీల్లేదు. ఫలానా రేటుతో ఆస్తిపన్ను పెంచాలని ప్రతిపాదిస్తున్నాను, ఇది వాస్తవంలో 3.4 శాతం పెంపు అని చట్టం నిర్దేశించిన వాక్యాన్నే చదవాలి. ఎవరు ఎటు ఓటు వేశారో నమోదు కావాలి, కనీసం 60 శాతం సభ్యులు ఒప్పుకోవాలి. మా ఊళ్లో ఒక ఏడాది ఒక సభ్యుడు హుషారుగా "రేటు తగ్గింపును ప్రతిపాదిస్తున్నాను" అని అందుకున్నాడు. ఊరి న్యాయవాది ఆయన్ను ఆపి, ఒక కాగితం ముందుకు జరిపి, దీన్ని ఉన్నదున్నట్టు చదవమంది. ఆయన "పెంపు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగా తగ్గించాడు. బడ్జెట్ పుస్తకం అట్ట మీద కూడా నిరుటికన్నా ఆస్తిపన్ను ఎంత ఎక్కువ వసూలు చేయబోతున్నారో 18 పాయింట్ల అక్షరాల్లో వేయాలి. ఇకమీద ప్రకటన పక్కన పెట్టి ఆ అట్ట చూడండి.

విలువ నిర్ణయించేది కౌన్సిల్ కాదని కూడా గుర్తుంచుకోవాలి. అది కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పని. జనవరి 1 నాటి విలువ లెక్కలోకి తీసుకుంటారు, వసంతంలో నోటీసు పంపుతారు. దాని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి మామూలుగా మే 15 వరకు గడువు, నోటీసు ఆలస్యమైతే అది పంపిన నాటి నుంచి 30 రోజులు. సెప్టెంబరులో కౌన్సిల్ ముందుకు వచ్చి మా ఇంటి విలువ అన్యాయంగా పెంచారని కేకలేసేవాళ్లను ఏటా చూస్తాను. పాపం, ఆ గదిలో ఎవరికీ దాన్ని మార్చే అధికారం లేదు. సొంత నివాసానికి హోమ్‌స్టెడ్ మినహాయింపు దరఖాస్తు పెట్టారో లేదో కూడా చూసుకోండి. అది ఉంటే పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. ఇక మీ మొత్తం బిల్లులో పెద్ద వాటా సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. ఊరి వాటా ఎంతో విడిగా చూసుకున్నాకే కౌన్సిల్ మీద కోపం తెచ్చుకోండి.

అసలు బడ్జెట్ ఖాయమయ్యేది ఓటు వేసే రాత్రి కాదు. ఇక్కడి ఊళ్లలో ఎక్కువ వాటికి ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. జూలై 25 నాటికి ఊరి ఆస్తుల మొత్తం విలువ అధికారికంగా చేతికొస్తుంది. జూలై, ఆగస్టుల్లో వర్క్‌షాపులు, అంటే బడ్జెట్ మీద చర్చా సమావేశాలు, పెడతారు. వాటికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ వెళ్లరు. మా ఊళ్లో ఆ సాయంత్రాల్లో కౌన్సిల్ సభ్యులు, సిటీ మేనేజరు (ఊరి రోజువారీ పాలన చూసే అధికారి), శాఖల అధిపతులు, నేను, ఒక రిటైరైన ఇంజనీరు, అంతే. మేనేజరు బడ్జెట్ ముసాయిదా తయారుచేసి పెడతారు, కౌన్సిల్ అందులో అక్కడక్కడా కదుపుతుంది. పోలీసు, అగ్నిమాపక శాఖల జీతాలు తీసేశాక, అప్పుల వాయిదాలు పోయాక, నీళ్ల బిల్లుల సొమ్ము విడి ఖాతాలో ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టకూడదనుకున్నాక, నిజంగా వాదించుకోవడానికి మిగిలేది చాలా తక్కువ. రోడ్ల మరమ్మతు, పార్కు, లైబ్రరీ, కొత్తగా ఒకటో రెండో ఉద్యోగాలు. ఒకసారి లైబ్రరీని ఆదివారాలు తెరిచి ఉంచడానికి అడిగిన పార్ట్‌టైం ఉద్యోగాన్ని పది నిమిషాల్లో కొట్టేశారు. కావాలని అడిగే గొంతు ఆ గదిలో లేదు. సెప్టెంబరులో పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వచ్చారు, అట్టల మీద రాసుకొచ్చారు, బాగా మాట్లాడారు. అప్పటికి ప్రతి డాలరూ ఎక్కడో ఒకచోట కూర్చుంది. సభ్యులు సానుభూతిగా తలలూపారు.

మేనేజరు ఎప్పుడూ ఆచితూచి అడుగేస్తారని కొందరు విసుక్కుంటారు. దానికీ కారణం ఉంది. టెక్సస్‌లో వ్యక్తుల మీద రాష్ట్ర ఆదాయపన్ను లేదు. ఊళ్లు బతికేది ఆస్తిపన్ను మీద, అమ్మకపు పన్ను మీద. దుకాణంలో మీరు కట్టే 8.25 శాతంలో 6.25 రాష్ట్రానిది, స్థానిక సంస్థలన్నిటికీ కలిపి గరిష్ఠంగా మిగిలేది 2. ఆ వాటాను రాష్ట్ర కంప్ట్రోలర్ (పన్నుల లెక్కలు చూసే అధికారి) నెలనెలా పంపుతారు. డిసెంబరు కొనుగోళ్ల డబ్బు ఫిబ్రవరిలో వస్తుంది. ఆ ఒక్క చెక్కు చూసి మేనేజరు ముఖంలో ఏడాది జాతకం చదవవచ్చు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద దుకాణం పక్క ఊరికి తరలిపోతే ఎంత గుండె దడో ఊహించుకోండి. పైగా ఉన్న ఆస్తుల మీద నిర్వహణ ఖర్చులకు వసూలు చేసే పన్నును ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్లను అడగాలని 2019లో చట్టం చేశారు. అంతకుముందు ఆ గీత 8 శాతం దగ్గర ఉండేది. 30,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చారు. రెండు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉంచుకోవాలన్నది ప్రభుత్వ ఆర్థిక అధికారుల సంఘం (GFOA) సలహా. ఆ నిల్వ చూసి "డబ్బు మూలుగుతోంది, పన్ను తగ్గించండి" అనేవాళ్లు ఏటా ఉంటారు. నేనైతే దాని జోలికి పోవద్దంటాను.

ఇక పార్కింగ్ ఆర్డినెన్స్. మీకు వచ్చింది ఇళ్ల యజమానుల సంఘం ఉత్తరమా, ఊరి నోటీసా అన్నది ముందు తేల్చుకోండి. మనవాళ్లు ఈ రెంటినీ తరచుగా కలిపేస్తారు. సంఘం నియమాలతో కౌన్సిల్‌కు సంబంధం లేదు. ఊరిదే అయితే, అది శిక్ష ఉన్న చట్టం. సాధారణంగా జరిమానా 500 డాలర్ల వరకు వేయవచ్చు. జోనింగ్, అగ్ని భద్రత, ప్రజారోగ్యం వంటి వాటికైతే 2,000 వరకు. ఎన్ని సమావేశాల్లో చదివాక ఆమోదించాలన్నది ఊరి చార్టర్‌ను (పాలనా నియమావళిని) బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ఒకే రాత్రి అయిపోతుంది, కాబట్టి ఎజెండా ఇవాళే చూడండి.

మీ నాన్నగారు నిక్షేపంగా మాట్లాడవచ్చు. ఎజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, దాన్ని చర్చకు తీసుకునే ముందో, చర్చ జరిగేటప్పుడో ప్రజలను మాట్లాడనివ్వాలని 2019 నుంచి చట్టం ఉంది. సాధారణంగా ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆయన తెలుగులోనే చెప్పనివ్వండి, మీరు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పండి. సమావేశం మొదలవకముందే సిటీ సెక్రటరీ దగ్గర పేరు కార్డు నింపి, అనువాదం ఉంటుందని అందులో రాయండి. మీ వీధిలో ఎన్ని ఇళ్లకు రెండు కార్లే పట్టే డ్రైవ్‌వే ఉందో లెక్కపెట్టి, రాత్రిపూట తీసిన రెండు ఫోటోలు ముందు రోజే సెక్రటరీకి పంపండి. సభ్యులకు ముందుగా ఇచ్చే కాగితాల ప్యాకెట్లలో చేరతాయి. ఎజెండాలో లేని విషయం ఎత్తితే మాత్రం వాళ్లు జవాబివ్వకుండా కూర్చుంటారు. ఎజెండాలో లేనిదాన్ని చర్చించడం చట్టం ఒప్పుకోదు, మర్యాద లేక కాదు. పన్ను సంగతి కూడా ఆ రాత్రే తేల్చుకుందామని ఆయన అంటే ఆపండి. దానికి వచ్చే జూలైలో ఇద్దరూ కలిసి వర్క్‌షాపుకు వెళ్లండి.