సమాధానం: సరళీ స్వరాలంటే విసుగుపడే పాపకు

ఆరు నెలలుగా కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలే పాడి పాప విసిగిపోయింది, సంగీతం మాన్పించాలా అని అడిగారు. మాన్పించకండి. రోజూ గంట కూర్చోబెడితే పెద్దవాళ్లమే పారిపోతాం, పదిహేను నిమిషాలు చాలు. ఒకే వరుసను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడించి, ఆదితాళం మీరు చేత్తో వేయండి. తాళంలోని ఎనిమిది అక్షరాల్లో, అంటే లెక్కల్లో, అక్షరానికి ఒక స్వరం, తర్వాత రెండు, ఆపైన నాలుగు. మా అబ్బాయి మూడో కాలంలో, తాళాన్ని వేళ్లతో లెక్కపెట్టేటప్పుడు చిటికెన వేలు దగ్గరే తప్పేవాడు. సగం, పావు లెక్క వాడికి అక్కడే అర్థమైంది. మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను.

గురువుగారిని అడిగి మలహరి రాగంలో ఒక గీతం, అంటే మాటలున్న చిన్న పాట, మొదలుపెట్టించండి. సరళీ స్వరాలు పాడే మాయామాళవగౌళ రాగం నుంచి పుట్టిన రాగమే కాబట్టి పాపకు స్వరాలన్నీ తెలిసినవే. సాహిత్యం నోటికి రాగానే ఇంటికొచ్చిన వాళ్లందరికీ తనే పాడి వినిపిస్తుంది, చూడండి.