టెక్ సందేహాలు: యుద్ధవ్యూహ గేముల్లో ఓడలకూ దళాలకూ పేర్లు

ఈసారి వచ్చిన ప్రశ్నలలో నాలుగు, ఒకరికొకరు తెలియని నలుగురు రాసినవే అయినా, ఒకే విషయం గురించి ఉన్నాయి. కంప్యూటర్‌లో ఆడే యుద్ధవ్యూహ గేముల్లో సైనిక దళాలకూ యుద్ధనౌకలకూ పేర్లు ఎలా పెట్టుకోవాలన్నదే ఆ విషయం. పైకి అలంకారంలా కనిపించినా, వందలకొద్దీ దళాలను ఒకేసారి నడపవలసిన ఆటలో ఏది ఎక్కడ ఉందో గుర్తు చేసేది పేరే కనుక, ఈ వారం స్థలమంతా ఈ ప్రశ్నలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది విశాఖపట్నం. రెండవ ప్రపంచయుద్ధం మీద వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’ గేమ్‌లో భారతదేశం తరఫున 1936 నుంచి ఆడుతున్నాను. ఓడలు ఎక్కువయ్యేసరికి జాబితాలోని పేర్లు అయిపోయి, ‘డిస్ట్రాయర్ 31’, ‘డిస్ట్రాయర్ 32’ అని వస్తున్నాయి. ఒక పద్ధతి ప్రకారం మన పేర్లు రావాలంటే ఏం చేయాలి?

జవాబు: పేర్లు వెతకడానికి ముందు నియమం నిర్ణయించుకోండి. ఏ తరగతి ఓడకు ఏ కోవ పేరు అన్నది ఒకసారి తేలితే, ఆ తరువాత ఎన్ని ఓడలు కట్టినా తికమక ఉండదు. దీనికి నమూనా మీ ఊరి రేవులోనే ఉంది. భారత నౌకాదళం డిస్ట్రాయర్లకు (వేగంగా కదిలే పెద్ద యుద్ధనౌకలకు) ఎక్కువగా నగరాల పేర్లు పెడుతోంది. 2021 నవంబరులో సేవలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం, దాని తరువాత వచ్చిన మొర్ముగావ్, ఇంఫాల్, సూరత్ ఆ కోవలోనివే. వాటికన్నా కొంచెం చిన్నవైన ఫ్రిగేట్లకు పర్వతాలు, నదులు, ఆయుధాల పేర్లు వస్తాయి కనుక శివాలిక్, సత్పురా, సహ్యాద్రి ఒక జట్టు, గోదావరి, గంగ, గోమతి మరొక జట్టు, తల్వార్, త్రిశూల్, తబర్ ఇంకొక జట్టు అయ్యాయి. ఇంకా చిన్నవైన కార్వెట్లలో ఖుక్రి, కిర్పాణ్, ఖంజర్ చేతి ఆయుధాలైతే, కమోర్తా, కద్మత్, కవరత్తి దీవులు. కల్వరి అనే జలాంతర్గామి పేరు ఒక జాతి సొరచేపది. గోదావరి జట్టులోని మూడు పేర్లూ ‘గ’తోనూ, తల్వార్ జట్టులోనివన్నీ ‘త’తోనూ మొదలు కావడం గమనించండి. మొదటి అక్షరం చూడగానే ఓడ ఏ జట్టుదో తెలిసిపోయే ఈ ఏర్పాటు, పొడవాటి జాబితాను చకచకా చూడవలసిన ఆటగాడికి ఎంతో ఉపయోగపడుతుంది.

నియమం గట్టిగా ఉన్నచోట దాన్ని తప్పిన పేరు కూడా చరిత్ర చెబుతుంది. రెండవ ప్రపంచయుద్ధం నాటి జపాన్ నౌకాదళంలో అతిపెద్ద ఫిరంగి నౌకలైన బాటిల్‌షిప్‌లకు యమాటో, నగాటో వంటి పాత రాష్ట్రాల పేర్లు, భారీ క్రూజర్లకు పర్వతాల పేర్లు, విమాన వాహక నౌకలకు ఎక్కువగా ఎగిరే డ్రాగన్లు, కొంగల పేర్లు పెట్టేవారు. అలాంటప్పుడు అకాగి అనే పర్వతం పేరూ, కాగా అనే రాష్ట్రం పేరూ విమాన వాహక నౌకలకు ఎలా వచ్చాయన్న సందేహం కలుగుతుంది. 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం భారీ యుద్ధనౌకల సంఖ్యకు హద్దు పెట్టడంతో, బాటిల్‌క్రూజర్‌గా మొదలైన అకాగినీ, బాటిల్‌షిప్‌గా మొదలైన కాగానూ విమాన వాహక నౌకలుగా మార్చారు. పేర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి. మీ ఆటలోనూ ఒక క్రూజర్‌ను మధ్యలో విమాన వాహక నౌకగా మారిస్తే దాని పేరు మార్చవద్దని నా సలహా. పదేళ్ల ఆట తరువాత ఆ పేరే దాని పుట్టుక గుర్తుచేస్తుంది.

మీరు 1936 నుంచి ఆడుతున్నారు కనుక చిన్న ఓడలకు నదుల పేర్లే కాలానికి సరిపోతాయి. అప్పటి రాయల్ ఇండియన్ నేవీలో ఆ యుద్ధకాలంలో పనిచేసిన స్లూప్‌లనే చిన్న యుద్ధనౌకల పేర్లు సట్లెజ్, జమునా, గోదావరి, నర్మద, కావేరి, కృష్ణ. చివరిదాన్ని ఆనాటి ఇంగ్లిషు పలుకుబడిలో కిస్ట్నా అని రాసేవారు. ఆ సంప్రదాయాన్ని మన నేల మీదికి పొడిగిస్తే తుంగభద్ర, పెన్న, మంజీర, మూసీ, వంశధార, నాగావళి, శబరి, ప్రాణహిత, కిన్నెరసాని, గుండ్లకమ్మ, స్వర్ణముఖి, చిత్రావతి అంటూ మీ డిస్ట్రాయర్ల జాబితా సులభంగా నిండుతుంది. క్రూజర్లకు కోటల పేర్లు పెట్టండి: గోల్కొండ, ఓరుగల్లు, కొండవీడు, గండికోట, చంద్రగిరి. జలాంతర్గాములకు సొర, వాలుగ, కొర్రమీను బాగుంటాయి. పులస వేటాడే చేప కాకపోయినా, సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే దాని స్వభావానికి నేనైతే ఒక జలాంతర్గామిని తప్పక కేటాయిస్తాను. ఓడ పేరుకు ముందు వచ్చే సంక్షిప్తం 1950 జనవరి 26 వరకు హెచ్ఎంఐఎస్, ఆ రోజు నుంచి ఐఎన్ఎస్. మీ ఆటలో దేశం ముందుగానే స్వతంత్రమైతే ఆ రోజే మార్చుకోవచ్చు.

ఇక చేసే విధానం. గేమ్ లాంచర్‌లో మాడ్‌ల విభాగానికి వెళ్లి కొత్త మాడ్ (గేమ్‌కు మనం చేర్చుకునే మార్పుల పొట్లం) ఒకటి సృష్టించండి. డాక్యుమెంట్స్‌లోని పారడాక్స్ ఇంటరాక్టివ్ ఫోల్డర్‌లో దానికి చోటు ఏర్పడుతుంది. గేమ్ అసలు ఫైళ్లలో నేరుగా మార్పులు చేయవద్దు. తరువాతి అప్‌డేట్ వచ్చినా, గేమ్‌ను అందించే స్టీమ్‌లో ఫైళ్ల తనిఖీ నడిపినా మీ శ్రమంతా చెరిగిపోవచ్చు. గేమ్‌లోని కామన్ ఫోల్డర్‌లో యూనిట్స్, అందులో ఓడల పేర్లకూ డివిజన్ల పేర్లకూ వేర్వేరు ఫోల్డర్లు ఉంటాయి. ఓడల ఫోల్డర్‌లో ఇప్పటికే ఉన్న ఒక ఫైలును నకలు తీసి, మీ మాడ్‌లో అదే వరుస ఫోల్డర్లు కట్టి, అక్కడ వేరే పేరుతో ఉంచి దిద్దుకోవడం సులువు. ఒక్కో పేర్ల సముదాయంలో అది ఏ దేశానికి, ఏ తరగతి ఓడలకు వర్తిస్తుంది, పేరుకు ముందు ఏ సంక్షిప్తం రావాలి, జాబితా అయిపోతే ఏ పేరు వాడాలి అన్న వరుసలు ఉంటాయి. దేశం దగ్గర భారతదేశపు మూడక్షరాల సంకేతమైన ఆర్ఏజే రాయండి. మీకు కనిపిస్తున్న ‘డిస్ట్రాయర్ 31’ వచ్చేది ఆ చివరి వరుస నుంచే. అక్కడ శాతం గుర్తు, దాని పక్కన డి అక్షరం ఉన్నచోట గేమ్ వరుస సంఖ్యను వేస్తుంది. నకలులో సముదాయానికి ఉన్న గుర్తింపు పదాన్ని మార్చడం మరచిపోకండి. రెండు సముదాయాలకు ఒకటే గుర్తింపు ఉంటే మీది కనబడకపోవచ్చు. ఆ తరువాత ఓడ నమూనా తయారు చేసే తెరలో మీ సముదాయాన్ని ఎంచుకోండి.

వేలమంది సైనికులుండే దళాలైన డివిజన్లకూ పద్ధతి ఇదే, అయితే అక్కడ పేరు కంటే సంఖ్య ముఖ్యం. పదాతి డివిజన్లకూ మోటారు వాహనాల డివిజన్లకూ వేర్వేరు జాబితాలు ఉంటే రెండింటిలోనూ ఒక 4వ డివిజన్ పుట్టి గందరగోళమవుతుంది. రెండు జాబితాల సంఖ్యలనూ ముడిపెట్టే వరుస ఆ ఫైళ్లలోనే ఉంటుంది, దాన్ని వాడండి. సంఖ్యల మధ్య ఖాళీలున్నా కంగారు పడకండి. ఆ యుద్ధంలో భారత సైన్యానికి 4 నుంచి 11 దాకా డివిజన్లు ఉన్నాయి. ఆ పైన 14, 17, 19, 20, 23 అని దాటుకుంటూ పోయింది. బ్రిటిష్ సంప్రదాయంలో డివిజన్‌కు అంకెలు, కొన్ని డివిజన్లు కలిసిన కోర్‌కు రోమన్ సంఖ్యలు, కొన్ని కోర్‌లు కలిసిన సైన్యానికి అక్షరాలలో రాసిన సంఖ్య వాడేవారు. దీన్ని పాటిస్తే పేరు చూడగానే దాని స్థాయి తెలుస్తుంది. సంఖ్యను ఎప్పుడూ పేరుకు ముందే ఉంచండి. జాబితా గడి ఇరుకైనప్పుడు తెగిపోయేది చివరి భాగమే.

ప్రశ్న: మీరు ఇంతకుముందు చెప్పినట్టే పేర్ల ఫైలు తయారు చేశాను. గేమ్ తెరుచుకుంటోంది కానీ ఒక్క పేరూ రావడం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: మూడు చోట్ల చూడండి. పేర్లను ఫోన్‌లో గానీ వర్డ్‌లో గానీ టైపు చేసి అతికించి ఉంటే, నిటారు కోట్ గుర్తులకు బదులు వంపు తిరిగిన కోట్‌లు చేరి ఉంటాయి. గేమ్ వాటిని గుర్తించదు. రెండవది, తెరిచిన ప్రతి మీసాల బ్రాకెట్‌కూ మూసే బ్రాకెట్ ఉందో లేదో లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ తరువాతి జాబితా మొత్తం పోతుంది. మూడవది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైలులో సంకేతాలుగా భద్రపరిచే పద్ధతి. ఈ గేమ్‌లో పేర్ల జాబితా ఫైలును బీఓఎం (ఫైలు మొదట్లో ఉండే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్-8లోనూ, తెర మీది వాక్యాల అనువాద ఫైళ్లను బీఓఎం ఉన్న యూటీఎఫ్-8లోనూ భద్రపరచాలి. చాలామంది రెండింటినీ ఒకే విధంగా భద్రపరచి రోజులు పోగొట్టుకుంటారు. మూడూ సరిగ్గానే ఉంటే గేమ్ లాగ్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్ తెరిచి మీ ఫైలు పేరు వెతకండి, తప్పు ఏ వరుసలో ఉందో అక్కడ ఉంటుంది. మిత్రులతో కలిసి ఆడేటప్పుడు అందరి దగ్గరా అదే మాడ్ ఉండాలి.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాము. మా అబ్బాయి ఈ మధ్యే తెలుగు చదవడం నేర్చుకున్నాడు. ‘స్టెల్లారిస్’లో తన అంతరిక్ష నౌకలకు తెలుగు లిపిలో పేర్లు పెట్టాలని వాడి కోరిక. టైపు చేస్తే గడులు కనిపిస్తున్నాయి. దారి ఉందా?

జవాబు: అబ్బాయి కోరిక చదివి చాలా సంతోషించాను, అందుకే నిరాశ కలిగించే మాట ముందే చెప్పేస్తున్నాను: మామూలు వినియోగదారు చేయగలిగిన సులువైన దారి లేదు. గేమ్ మీ కంప్యూటర్‌లోని ఫాంట్లను వాడదు, తన వెంట తెచ్చుకున్న ఫాంట్లనే వాడుతుంది. అది విడుదలైన భాషలలో తెలుగు లేదు కనుక ఆ ఫాంట్లలో మన అక్షరాలు లేవు. అక్షరం దొరకని చోట గడి వస్తుంది. తెలుగు ఫాంటును జొప్పించినా పని అక్కడితో అయిపోదు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, వాటిలో క్ర, స్త్ర వంటి సంయుక్తాక్షరాలకు విడిగా స్థానం లేదు. ‘విక్రాంత్’ అనే మాట కంప్యూటర్ లోపల వ, ఇత్వం, క, పొల్లు, ర, దీర్ఘం, సున్న, త, పొల్లు అనే తొమ్మిది సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి వత్తులుగా అమర్చే ప్రత్యేక వ్యవస్థ గేమ్‌లో లేకపోతే అక్షరాలు విడివిడిగా, చదవడానికి వీలు లేకుండా పడతాయి. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది కనుక ఆ ఒక్క మాటకే 27 బైట్లు అవుతాయి, పేరు పొడవును బైట్లలో లెక్కపెట్టే గేముల్లో ఇదొక అదనపు చిక్కు.

అందువల్ల ఇప్పటికి రోమన్ అక్షరాలలో తెలుగు పేర్లు పెట్టించండి, పక్కన ఒక నోటుపుస్తకంలో అవే పేర్లను వాడి చేత తెలుగులో రాయించండి. నౌకాబలగాలకు అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి అంటూ రేవతి దాకా 27 నక్షత్రాల పేర్లు వరుసగా పెడితే, అంతరిక్షంలో సాగే ఆటకు ఇంతకన్నా తగిన పేర్లు దొరకవు. ఆ వరుస కంఠస్థం కూడా అవుతుంది. చిన్న నౌకలకు పిట్టల పేర్లు పెట్టవచ్చు: డేగ, పాలపిట్ట, చిలుక, గువ్వ. విశాఖపట్నంలో భారత నౌకాదళ విమాన స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ అని వాడికి చెప్పండి. ‘స్టెల్లారిస్’లోనూ కామన్ ఫోల్డర్‌లో పేర్ల జాబితాల ఫోల్డర్ ఉంది. దళాల పేర్లు, ఓడల పేర్లు, గ్రహాల పేర్లు తరగతుల వారీగా అక్కడ చేర్చుకుని, సామ్రాజ్యాన్ని రూపొందించే తెరలో ఆ జాబితాను ఎంచుకోవచ్చు. ఒక పేరుకు మొదటిసారి ఏ రోమన్ వర్ణక్రమం వాడితే చివరిదాకా అదే వాడండి.

ప్రశ్న: నా ఆటలో మొదటి నుంచీ ఉన్న యుద్ధనౌక మునిగిపోయింది. అదే పేరు కొత్త ఓడకు పెట్టవచ్చా, లేక దేశం పేరు పెట్టనా? మా తమ్ముడు మునిగిన ఓడ పేరు మళ్లీ పెట్టడం అశుభం అంటున్నాడు.

జవాబు: దేశం పేరు వద్దు. జర్మనీ తన యుద్ధనౌక ‘డాయిచ్‌లాండ్’కు రెండవ ప్రపంచయుద్ధం మొదలైన కొద్ది నెలలకే ‘లుట్సో’ అని పేరు మార్చింది. దేశం పేరున్న ఓడ మునిగితే ఆ వార్తే ఒక ఓటమి అవుతుందన్న భయం అందుకు కారణం.

మునిగిన ఓడ పేరును మళ్లీ పెట్టడం మాత్రం నౌకాదళాలు గౌరవంగా పాటించే ఆచారం. 1942 మే 8న కోరల్ సముద్ర యుద్ధంలో అమెరికా విమాన వాహక నౌక లెగ్జింగ్టన్ మునిగింది. దాన్ని కట్టిన క్విన్సీ నౌకా నిర్మాణ కేంద్రంలోనే అప్పుడు కాబట్ అనే మరో విమాన వాహక నౌక తయారవుతోంది. అక్కడి కార్మికులు కోరగా దానికి లెగ్జింగ్టన్ అని పేరు మార్చారు. ఆ ఏడాదే మునిగిన యార్క్‌టౌన్, వాస్ప్, హార్నెట్ పేర్లు కూడా నిర్మాణంలో ఉన్న ఓడలకు వెళ్లాయి.

మన దగ్గర ఖుక్రి ఉంది. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దెబ్బకు ఆ ఫ్రిగేట్ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఓడను వదలకుండా దానితోపాటే వెళ్లిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆ పేరును అశుభమని పక్కన పెట్టలేదు. 1989లో సేవలో చేరిన కొత్త కార్వెట్‌కు ఖుక్రి అనే పెట్టారు. ఆ ఓడ ముప్ఫై రెండేళ్లు పనిచేసి 2021 డిసెంబరులో విశాఖపట్నంలో విశ్రాంతి తీసుకుంది. 1997లో సేవ ముగించిన విక్రాంత్ పేరు కూడా 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలో చేరిన కొత్త విమాన వాహక నౌకకు వచ్చింది, పాత ఓడ మీది ఆర్11 అనే సంఖ్యతో సహా. ఈ సంగతులు మీ తమ్ముడికి చెప్పండి.

ఒకే కాలంలో రెండు ఓడలకు ఒకే పేరు ఉండకూడదన్నది ఒక్కటే హద్దు. కనుక పాత ఓడ నష్టాల జాబితాలోకి చేరాకనే, కొత్త ఓడ వివరాల కిటికీ తెరిచి పేరు మీద క్లిక్ చేసి మార్చండి. పేరు చివర రోమన్ రెండు వేయకండి, నిజమైన ఓడల మీద అది ఉండదు. మునిగినదాన్నీ ఉన్నదాన్నీ వేరుగా గుర్తుపట్టాలంటే, లెగ్జింగ్టన్‌కు సీవీ-2, సీవీ-16 అని ఉన్నట్టుగా, ప్రతి ఓడ పేరు పక్కన ఒక నౌకా సంఖ్య మొదటి నుంచే ఉంచండి.