రోబో కోర్సా, ఫిజియోథెరపీయా?

కరీంనగర్ నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్లమ్మాయి బైపీసీ సెకండియర్. కబడ్డీ ఆడుతుంటే మోకాలు మెలితిరిగి, కీలును పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది, హైదరాబాద్‌లో సర్జరీ అయింది. ఆ తర్వాత తన కాలిని యంత్రంలో పెట్టి మెల్లగా వంచుతూ చాపుతూ ఉంటే చూసి, బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చదువుతానని పట్టుబట్టిందట. ఆయన ప్రశ్న ఇదీ: "రేపు ఆ పనంతా రోబోలే చేస్తాయి కదా, ఇంక ఫిజియోథెరపిస్టులెందుకు? ఒక ప్రైవేటు యూనివర్సిటీలో రిహాబిలిటేషన్ రోబోటిక్స్ డిగ్రీ ఉందంటున్నారు. రెండూ పోల్చి చెప్పండి."

చెబుతానండీ. ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం. మీరు రాసినదాన్ని బట్టి అది సీపీఎం (కంటిన్యువస్ పాసివ్ మోషన్) మెషీన్ అయ్యుంటుంది. కెనడా సర్జన్ రాబర్ట్ సాల్టర్ ఆలోచనతో 1970ల్లో మొదలైంది. ఎంత కోణం పెడితే అంతవరకు మోటారు కాలిని వంచుతుంది, అంతే. దాన్ని రోబో అనడమే ఎక్కువ. పైగా ఏసీఎల్ సర్జరీ అయిన ప్రతివాళ్లకూ దాన్ని వాడితే ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదని పరిశోధనలు చెబుతున్నాయి.

అసలు రోబోలు వేరే ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన లోకోమాట్ మనిషి బరువును బెల్టులతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద కాళ్లను నడిపిస్తుంది. దాని ప్రధాన ఉపయోగం పక్షవాతం, వెన్నుపాము గాయాలు ఉన్నవాళ్లకు. జపాన్‌లో తయారైన హాల్ అనే పరికరం కండరం కదలబోయేటప్పుడు చర్మం మీద కనిపించే విద్యుత్ సంకేతాన్ని పట్టుకుని సాయం చేస్తుంది. సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని ఏసీఎల్ సర్జరీ అయినవాళ్ల మీద కూడా చిన్న స్థాయిలో ప్రయత్నించారు. ఇక మన హోర్డింగుల మీద కనిపించే 'రోబోటిక్ మోకాలి సర్జరీ' ఎక్కువగా మోకీలు మార్పిడికి సంబంధించింది. మీ అమ్మాయి కేసుకూ దానికీ సంబంధం లేదు.

సర్జరీ అయ్యాక మోకాలు వాస్తే తొడ ముందు కండరం మొండికేస్తుంది. పేషెంటు బిగించాలనుకున్నా బిగుసుకోదు. దాన్ని మళ్లీ లేపాలి, కాలు పూర్తిగా చాపించాలి, వాపు పెరిగితే ఆ రోజు వ్యాయామం తగ్గించాలి, భయపడి కుంటుతుంటే కుంటకుండా నడిపించాలి. వాపును చూసి ఇవాళ వద్దు అనాల్సింది మనిషే. కొత్తగా వేసిన లిగమెంటు గట్టిపడే కాలాన్ని ఏ రోబో తగ్గించలేదు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 9 నెలల వరకు ఆట మళ్లీ మొదలుపెట్టడం నెల ఆలస్యమైన కొద్దీ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు దాదాపు సగానికి సగం తగ్గింది. అన్ని నెలలు పిల్ల వెంటపడి వ్యాయామం చేయించేది ఎవరో ఒకసారి ఆలోచించండి.

ఇక ఆ రోబోటిక్స్ డిగ్రీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఇలాంటి పరికరాలు తయారుచేసే కంపెనీలకు కావలసింది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్, బయోమెడికల్ గట్టిగా వచ్చినవాళ్లు. ఆస్పత్రులకు కావలసింది పేషెంటు మీద చెయ్యి వేసే అర్హత ఉన్నవాళ్లు. కోర్సు పేరులో రెండూ ఉండి, సిలబస్‌లో తలా కాస్త చెప్పి వదిలేస్తే పిల్లకు ఏ తలుపూ తెరుచుకోదు. ఆ యంత్రాలు కొనే స్తోమత పెద్ద నగరాల్లోని పెద్ద ఆస్పత్రులకే ఉంది. ఒక యంత్రం కొన్నంత మాత్రాన పది ఉద్యోగాలు రావు. బ్రోషర్లో రోబో బొమ్మ చూసి లక్షల ఫీజు కట్టేవాళ్లను ఏటా చూస్తున్నాను, కోపం కూడా వస్తోంది.

కోపం వచ్చింది కాబట్టి ఇంకో మాట కూడా అనేస్తాను. మీ ఉత్తరంలో రోబో గురించి సగం పేజీ ఉంది. అమ్మాయికి బీపీటీ ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యమూ లేదు. "మా బంధువుల్లో ఇద్దరు డాక్టర్లు" అని మాత్రం రాశారు. మీ టెన్షన్ అక్కడుంది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోకూడదని 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసి, వెంటనే వెనక్కి తీసుకుంది. ఆ గొడవ ఇంకా సాగుతుంది, సాగనివ్వండి. పెళ్లిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్న బెంగతో పిల్ల చదువు నిర్ణయించకండి సార్.

ఇక పోలిక. మనుషులతో ఓపిగ్గా పనిచేయడం ఇష్టమైతే బీపీటీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. మొదట్లో జీతం తక్కువ, అది దాచను. స్పోర్ట్స్‌లోనో ఆర్థోలోనో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేశాక పరిస్థితి మారుతుంది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి ఫిజియోథెరపీ కూడా వస్తుంది. అమెరికా ఆలోచన ఉంటే అక్కడ ఈ వృత్తిలోకి రావడానికి కావలసిన డిగ్రీ డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ), లైసెన్సు పరీక్ష వేరు. బీపీటీతో నేరుగా పని దొరుకుతుందని ఏజెంటు చెబితే నమ్మకండి. యంత్రం లోపల ఏముందో విప్పి చూడాలనే కుతూహలమైతే బయోమెడికల్ ఇంజినీరింగ్ చూడండి. ఉస్మానియాలో ఆ బ్రాంచి ఉంది. బైపీసీ పిల్లలను తీసుకునే కాలేజీలూ కొన్ని ఉన్నాయి, లెక్కలు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

బీపీటీ చదివి, తర్వాత ఈ రోబో పరికరాల మీద పనిచేసే దారి మూసుకుపోదు. వాటిని పేషెంటుకు సరిగ్గా బిగించి, ఎంత సాయం ఇవ్వాలో సెట్ చేసేది ఫిజియోథెరపిస్టులే. కాబట్టి అమ్మాయి తప్పుదారి పట్టిందని కంగారుపడకండి. తనకు నొప్పి పెట్టిన చోటు నుంచే వృత్తిని ఎంచుకుంటోంది. అది ఉత్సాహమా, నిలిచే ఇష్టమా అని తేల్చుకోవడానికి మీ ఊళ్లోనే దారి ఉంది. తనకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టును అడిగి, ఒక వారం సాయంత్రాలు క్లినిక్‌లో మూల కూర్చోనివ్వండి. మోకాలి పేషెంట్లతో పాటు పక్షవాతం వచ్చిన ముసలివాళ్లనూ చూడనివ్వండి. ఆ యూనివర్సిటీకి మీరు ఫోన్ చేసి, గత బ్యాచ్ పిల్లలు ఏ సంస్థల్లో ఏ పోస్టుల్లో చేరారో రాతపూర్వకంగా పంపమనండి. అది చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.