రోడ్డు ఏ నోము నోచింది?

సందేహం: ఆచార్యులవారికి నమస్కారం. పూర్వజన్మ సంగతులు చెబుతున్నాడంటూ ఎవరో పిల్లవాణ్ణి టీవీలో చూపిస్తూ ఉంటే మా అత్తగారు "పెట్టి పుట్టినవాళ్లకే అటువంటివి గుర్తుంటాయి, మనం నోచుకోలేదు" అన్నారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే మావారు జన్మలనూ నమ్మరు, ఆ జ్ఞాపకాలనూ నమ్మరు. "నోచుకోవడమంటే పొందడమే. మరమ్మతులకు నోచుకోని రోడ్డు అని పేపర్లో రాయడం లేదా, అందులో పూర్వజన్మ ఎక్కడుంది?" అన్నారు. ఎవరి మాట సరైనది? నమ్మనివాళ్లు ఈ మాటలు వాడవచ్చునా? అటువంటి పిల్లవాణ్ణి ఏమనాలి? టీవీవాళ్లు 'పునర్జన్మ జ్ఞాపకాలు' అని వేశారు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో తగవు తెచ్చిన మాటలు రెండు. వాటిలో 'పెట్టి పుట్టడం' సంగతిని వ్యాకరణమే తేల్చివేస్తుంది. పెట్టడమంటే ఇక్కడ ఒకరికి అన్నం పెట్టడం, దానం చేయడం. 'పెట్టి' అన్నది క్త్వార్థకం, అంటే చేసి, తిని వంటి, వాక్యాన్ని ముగించని క్రియ. వాన కురిసి చెరువు నిండింది వంటి ప్రయోగాలను పక్కన ఉంచితే, క్త్వార్థకానికీ దాని వెంట వచ్చే సమాపక క్రియకూ కర్త ఒక్కడే కావాలి, మొదటి పని ముందే జరిగి ఉండాలి. పాణిని 'సమానకర్తృకయోః పూర్వకాలే' అన్నది సంస్కృతం గురించే అయినా ఈ చోట తెలుగు కూడా ఆ దారినే నడుస్తుంది. అంటే పెట్టినవాడూ పుట్టినవాడూ ఒకడే, పెట్టడం ముందు, పుట్టడం తరువాత. ఆ రెంటి నడుమ జరిగి తీరవలసిన చావును మాత్రం మనవాళ్లు నోటితో అనకుండా దాటవేశారు. పూర్వజన్మను ఒప్పుకోకుండా 'పెట్టి', 'పుట్టు' అన్న ఈ రెంటికీ అన్వయం కుదర్చడం మీవారి వల్ల కాదు.

'నోచు' అంత సులువుగా తేలేది కాదు. దానికి ఎక్కువ చోటు తీసుకుంటాను, ఈ మాట మీద నాకున్న మమకారం ఈ శీర్షిక చదివేవారికి కొత్తది కాదు గనుక ఓర్చుకుంటారనే నమ్మకం.

నోచడమంటే వ్రతం చేయడం, నోచేది నోము. తమిళంలో నోఱ్ఱల్, నోన్బు, కన్నడంలో నోంపి దీని చుట్టాలే. తిరుపతి వాసులకు ఈ చుట్టరికం చూపించడానికి నిఘంటువు తెరవవలసిన పని లేదు. ధనుర్మాసంలో తిరుమల ఆలయంలో సుప్రభాతానికి బదులు ఆండాళ్ తమిళంలో పాడిన తిరుప్పావై వినిపిస్తుంది. అందులో పదో పాశురం (పద్యం) 'నోఱ్ఱుచ్ చువర్‌క్కం పుగుగిన్ఱ అమ్మనాయ్' అని ఎత్తుకుంటుంది. నోచి స్వర్గం చేరబోతున్న అమ్మా, తలుపు తీయకపోతే మానె, మాటైనా పలకవా అని, నిద్ర లేవని చెలికత్తెను తక్కినవాళ్లు దెప్పుతున్నారు. 'నోఱ్ఱు' అన్నచోట 'నోచి' అని పెట్టుకుంటే ఆ వాక్యం మన ఇంటి వాక్యమే అవుతుంది. ఆ 'నోచి' కూడా క్త్వార్థకమేనని గమనించండి. తిరువళ్లువర్ తమిళ నీతిగ్రంథం తిరుక్కుఱళ్ ఇంకా కరాఖండిగా మాట్లాడుతుంది: 'ఇలర్ పలర్ ఆగియ కారణం నోఱ్పార్ సిలర్ పలర్ నోలాదవర్'. లోకంలో లేనివాళ్లు పలువురు కావడానికి కారణం, నోచేవారు కొందరే, నోచనివారు పలువురు కావడమేనట. ఈ తీర్పు న్యాయమా కాదా అన్నది వేరే సంగతి. మనం 'నోచుకోనివాళ్లు' అనే మాట పుట్టిల్లు మాత్రం అక్కడ కనబడుతోంది.

ఈ ధాతువుకు తొలి అర్థం ఓర్చుకోవడం. 'ఉఱ్ఱ నోయ్ నోన్ఱల్', అంటే వచ్చిన నొప్పిని ఓర్చుకోవడం తపస్సు రూపంలో ఒక భాగమని అదే కుఱళ్ చెబుతుంది. నొప్పికీ నోముకూ ధాతువు ఒకటేనని తేల్చి చెప్పడానికి నేను సాహసించను గానీ, ఆ రెండూ పక్కపక్కన కూర్చున్న తీరు చూడముచ్చటగా ఉంటుంది. మన జిల్లాల్లో దీపావళికి కేదారేశ్వర నోము పట్టిన ఇల్లాలు ఒక్కపొద్దు ఉండి, ఇరవై ఒక్క పేటల తోరం చేతికి కట్టించుకునేదాకా పచ్చిమంచినీళ్లు ముట్టకపోవడం చూసినవారికి ఈ అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఆ నోము కథలో భాగ్యవతి తోరం విప్పి పారవేసి ఆ జన్మలోనే రాజ్యం పోగొట్టుకుంటుంది. కనుక ఉత్త 'నోచు'లో పూర్వజన్మ లేదు, అక్కడివరకు మీవారు నెగ్గినట్టే.

పూర్వజన్మ ఎప్పుడు వచ్చి చేరుతుందంటే, ఫలం కళ్లెదుట ఉండి, దాని వెనుక నోము కనబడనప్పుడు. పక్కింటావిడకు బంగారం లాంటి కోడలు దొరికితే "ఏ నోము నోచిందో" అంటాము. ఆవిడ ఈ జన్మలో నోచిన నోములన్నీ మనకు తెలుసు, అవి అంతటి ఫలానికి చాలవనీ తెలుసు, అందుకే లెక్కను వెనకటి జన్మకు జరుపుతాము. 'ఏ నోము' అన్న ఆ 'ఏ' ఊరికే పడిన అక్షరం కాదు. నోచినావిడకు కూడా తానేమి నోచిందో తెలియదన్నది అందులోని సంగతి.

దీనిని పోతన పట్టుకున్నట్టు మరొకరు పట్టుకోలేదు. (ఆయన బమ్మెరవాడా, ఒంటిమిట్టవాడా అన్న పాత తగవు దయచేసి ఉత్తరాల్లో మళ్లీ ఎత్తవద్దు.) రుక్మిణి కృష్ణుడికి పంపిన సందేశంలోని ఈ పద్యం చాలామందికి నోటికి వచ్చినదే:

వ్రతముల్ దేవ గురు ద్విజన్మ బుధ సేవల్ దానధర్మాదులున్
గతజన్మంబుల నీశ్వరున్ హరి జగత్కల్యాణుఁ గాంక్షించి చే
సితినేనిన్ వసుదేవనందనుఁడు నా చిత్తేశుఁ డౌఁ గాక ని
ర్జితులై పోదురు గాక సంగరములోఁ జేదీశముఖ్యాధముల్

సంస్కృత మూలంలో ఈ చోట ఉన్నది 'ఆరాధితో యది' అన్న మాట. దానాలు, నియమాలు, వ్రతాలు, దేవ విప్ర గురు పూజలు మొదలైనవాటితో భగవంతుడు నా చేత ఆరాధింపబడి ఉంటే అని రుక్మిణి అంటుంది, ఎప్పుడు ఆరాధించిందో ఆ శ్లోకంలో లేదు. 'గతజన్మంబుల' అన్నది పోతన చేర్చిన మాట. ఎందుకు చేర్చాడా అని ఆలోచిస్తే, ఆ 'యది' (అయితే) దగ్గర ఆయన ఆగినట్టు తోస్తుంది. ఈ జన్మలో తాను చేసిన వ్రతాలేవో రాజకుమారికి తెలియవా? తెలిసినదానికి 'అయితే గియితే' ఎందుకు? 'చేసితినేనిన్' (చేసి ఉంటే) అన్న చేదర్థకం, అంటే షరతు చెప్పే రూపం, గుర్తులేనిదాని గురించే పొసగుతుంది. నోచానో లేదో నాకు జ్ఞాపకం లేదు, కృష్ణుడు వచ్చి చేయి పట్టుకుంటే నోచినట్టు, శిశుపాలుడి పాలబడితే నోచనట్టు అని ఆమె మాటకు తాత్పర్యం. పద్యంలో 'వ్రతముల్' అనే ఉంది, 'నోచు' లేదు కదా అని మీవారు పట్టుకోవచ్చు. మాట సంస్కృతమే, ఆలోచన మాత్రం తెలుగింటి నోముది. అదే సందేశం చివర రుక్మిణి, నీ దయ కలగకపోతే 'వ్రతచర్యన్ నూఱు జన్మంబులన్ నినుఁ జింతించుచుఁ బ్రాణముల్ విడిచెదన్' అంటుంది. వెనుక ఎన్ని నోములు నోచిందో తెలియదు గానీ ముందు నూరు జన్మలు నోచడానికి సిద్ధపడింది. నందయశోదల భాగ్యం సంగతీ ఇంతే. వెనకటి జన్మలో వాళ్లు ద్రోణుడనే వసువు, అతని భార్య ధర అని శుకుడు పరీక్షిత్తుకు చెబితే మనకు తెలిసింది.

ఇక రోడ్డు. 'మరమ్మతులకు నోచుకోని రోడ్డు', 'ప్రారంభానికి నోచుకోని భవనం' అని రాసేవారికి మనవి చేసేదేమంటే, నోచుకునే క్రియకు కర్తగా ఉండదగినది నోము పట్టగలిగిన ప్రాణి. పిల్లలకు నోచుకోలేదు, సుఖానికి నోచుకోలేదు అన్నప్పుడు చతుర్థిలో ('కు' చేరిన మాటలో) ఉన్నది ఫలం, కర్త ఆ ఫలం కోసం నోచి ఉండవలసిన మనిషి. తారురోడ్డు పోయిన జన్మలో డొంకదారిగా పుట్టి ఏ నోము మరిచిందని ఈ జన్మలో దానికి గుంతలు పడ్డాయి? నవ్వులాటకు అనడం లేదు. మరమ్మతు చేయవలసినవాడు ఒకడున్నాడు. 'మరమ్మతు చేయని రోడ్డు' అంటే ఎవరు చేయలేదన్న ప్రశ్న పుడుతుంది. 'నోచుకోని రోడ్డు' అన్నారంటే తప్పంతా రోడ్డు ప్రారబ్ధం మీదికి పోయి, చేయవలసినవాడు హాయిగా బయటపడతాడు. ఇంత మంచి మాటను అధికారుల రక్షణకు వినియోగించడం పత్రికలవారికి తగదు. అయినా వాడుక బాగా పాతుకుపోయింది. లక్షణయా, అంటే అసలు అర్థానికి దగ్గరి మరో అర్థంలో, సాధువేనని వాదించేవారున్నారు, వారి వాదం పూర్తిగా కొట్టివేయదగినదీ కాదు. నేనైతే రాయను, రాసినవారి మీద చర్చకు దిగను.

నమ్మనివారు వాడవచ్చునా అన్నారు. నిక్షేపంగా వాడవచ్చు. 'అదృష్టం' అన్నప్పుడు కంటికి కనబడని వెనకటి పుణ్యాన్ని ఎందరు తలుస్తున్నారు? మీవారు లాటరీ గురించి మాట్లాడినా ఆ మాట వాడక తప్పదు.

చివరిగా ఆ పిల్లవాడు. పూర్వజన్మ తెలిసినవాణ్ణి జాతిస్మరుడంటారు. జాతి అంటే ఇక్కడ పుట్టుక, కులం కాదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో 'జాతుల్ సెప్పుట' అన్నప్పుడు జాతకాలు చెప్పడమనే పెద్దలు అర్థం చెబుతారు. లేడిగా పుట్టి కూడా వెనకటి రాచపుట్టుకను మరవని భరతుడు జాతిస్మరుడు (తెలుగు భాగవతంలో ఆ స్కంధం పోతనది కాదు, గంగనది). ఢిల్లీలో శాంతిదేవి అనే బాలిక తాను వెనుక మథురలో ఒక ఇల్లాలినని చెబితే 1935లో ఒక సంఘం ఆమెను అక్కడికి తీసుకుపోయి విచారించింది. ఆ మాట నిజమైతే ఆమె జాతిస్మర (ఆడపిల్ల గనుక సంస్కృతంలో 'జాతిస్మరా', తెలుగులో ఆ దీర్ఘం లేకుండా వాడుతున్నాను). మీ అత్తగారి మాటకు ఆధారం లేకపోలేదు: వేదాభ్యాసం, శౌచం, తపస్సు, భూతద్రోహం చేయకపోవడం ఉన్నవాడు 'జాతిం స్మరతి పౌర్వికీమ్', అంటే వెనకటి పుట్టుకను తలచుకుంటాడని మనుస్మృతి. కాకపోతే 'పెట్టి పుట్టు', 'నోచుకొను' మరిచిపోయినవారి మాటలు, అంతా గుర్తున్నవాడికి అవి అంతగా అతకవు. టీవీవారి 'పునర్జన్మ జ్ఞాపకాలు' మాత్రం తప్పే. పునర్జన్మ అంటే మళ్లీ పుట్టడం, అంటే ఆ పిల్లవాడి ఇప్పటి పుట్టుక. దాని జ్ఞాపకాలు మనందరికీ ఉన్నాయి. 'పూర్వజన్మ జ్ఞాపకాలు' అనాలి, 'జన్మాంతర స్మృతి' అన్నా కాదనను.