పాళీ కొనేముందు రెండు పెన్సిళ్లు కట్టి చూడు

చిన్నా,

నీ ఉత్తరం అందింది. 1.9 మిల్లీమీటర్ల ఇటాలిక్ పాళీ ఉన్న పెన్ను చూశావట, మనసు పడ్డావట. "తీసుకోమంటావా పెద్దమ్మా?" అని అడిగావు. వద్దురా. ఆ సైజు పాళీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీస్తానేమో. ధ్రువపత్రాల మీద పేర్లు రాసిన ఇన్నేళ్లలో దానికి నేను చాలా రుణపడ్డాను, కాదనను. కానీ నువ్వు అడుగుతున్నది రోజూ రాసుకోవడానికి. ఆ పనికి అది పనికిరాదు.

ముందు నీ ఉత్తరంలో కనబడిన ఒక పొరపాటు సరిచేయనీ. ఇటాలిక్ పాళీతో రాస్తే అక్షరాలు వాటంతటవే వాలుగా పడతాయని అనుకుంటున్నట్టున్నావు. కంప్యూటర్లో ఇటాలిక్ అని నొక్కితే అక్షరం పక్కకి ఒరుగుతుంది చూడు, ఆ పేరు తెచ్చిన తిప్పలివి. పదిహేనో శతాబ్దంలో ఫ్లోరెన్సులో నికొలో నికొలి లాంటి పండితులు పాత గ్రంథాలకి నకళ్లు రాసుకోవడానికి త్వరగా సాగిపోయే రాత ఒకటి అలవాటు చేసుకున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది మొన చదునుగా కోసిన ఈక కలం. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మాన్యూషియస్ అలాంటి చేతిరాతని పోలిన అచ్చక్షరాలతో పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. ఇటలీలో పుట్టింది గనక ఇటాలిక్ అన్నారు. వాలు అక్షరానికీ చదును మొనకీ అలా ఒకే పేరు అంటుకుంది. పాళీల దగ్గరికి వచ్చేసరికి ఆ మాటకి అర్థం చదును మొన అనే. వాలుగా రాస్తావో నిలువుగా రాస్తావో నీ ఇష్టం.

మామూలు పాళీ చివర ఆవగింజలో సగం కూడా లేని గుండు ఒకటి ఉంటుంది. ఎటు గీసినా ఒకటే మందం. ఇటాలిక్ పాళీకి ఆ గుండు ఉండదు, చిన్న ఉలి అంచులా ఉంటుంది. అంచు వెంబడి గీస్తే వెంట్రుకంత గీత, అంచుకి అడ్డంగా గీస్తే పట్టీలాంటి గీత. నొక్కక్కర్లేదు. నొక్కితే లావయ్యే పాళీల జాతి వేరు, వాటి జోలికి ఇప్పుడు పోకు. ఇక్కడ నీ పనల్లా పాళీ కోణం మార్చకుండా పట్టుకోవడమే. తక్కినది పాళీ చూసుకుంటుంది.

ఇది నీకు పడుతుందో లేదో కొనకముందే తేల్చుకోవచ్చు. రెండు పెన్సిళ్లు పక్కపక్కన పెట్టి, రెండు మొనలూ ఒకేసారి కాగితాన్ని తాకేలా సర్ది, పైనొకటీ కిందొకటీ రబ్బరు బ్యాండ్లు వెయ్యి. ఆ రెండు మొనలూ నీ పాళీకి రెండు మూలలనుకో. ఒక మొన ఎడమ పక్క కిందకీ, రెండోది కుడి పక్క పైకీ ఉండేలా, 45 డిగ్రీల వాలులో పట్టుకో. ఇప్పుడు చెయ్యి తిప్పకుండా పెద్ద సున్న చుట్టు. రెండు సున్నలు పడతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు. గడియారం ముఖంలా చూసుకుంటే పదిన్నర దగ్గరా, నాలుగున్నర దగ్గరా రెండు గీతలూ కలుస్తాయి. ఒంటిగంటన్నర దగ్గరా, ఏడున్నర దగ్గరా బాగా ఎడంగా ఉంటాయి. ఆ ఎడంలో రంగు నింపు. ఇటాలిక్ పాళీ రాసే సున్న అచ్చం అదే. మళ్లీ ఒకటి చుట్టు, ఈసారి మధ్యలో మణికట్టు కాస్త తిప్పు. సన్నబడాల్సిన చోట సన్నబడదు, లావెక్కాల్సిన చోట ఎక్కదు, సున్న వాచినట్టు కనబడుతుంది.

ఈ ఆటలో పడి అరగంట గడిచిపోయిందే తెలియలేదనుకో, పాళీ కొనుక్కో. అయిదు నిమిషాలకే విసుగొచ్చిందా, మామూలు పెన్నుతోనే హాయిగా ఉండు.

ఇక వెడల్పు సంగతి. కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఇటాలిక్ రాత నేర్పేవాళ్లకి ఒక పాత కొలత ఉంది. రోమన్ చిన్నక్షరం ఒంటి ఎత్తు, అంటే కొమ్ములూ తోకలూ వదిలేసి, పాళీ వెడల్పుకి అయిదు రెట్లు ఉండాలంటారు. నీ 1.9కి అయిదు రెట్లంటే 9.5 మిల్లీమీటర్లు. దాదాపు సెంటీమీటరు ఎత్తు అక్షరం! దాంతో డైరీ రాస్తే తారీఖు వేసేసరికి పేజీ అయిపోతుంది. 1.5కి 7.5 కావాలి, 1.1కి కూడా 5.5 కావాలి. నీ ఉత్తరం మీద స్కేలు పెట్టి చూశాను. నీ 'న' ఒళ్లు మూడు మిల్లీమీటర్లుంది. అయిదుతో భాగించుకో, 0.6 వస్తుంది. నువ్వు మోజుపడ్డ పాళీలో మూడోవంతు.

ఆ కొలత రోమన్ అక్షరాలకి పుట్టింది, మనకి అచ్చంగా అతకదు. నన్నడిగితే తెలుగుకి ఇంకా సన్నం పాళీయే కావాలి. లావు పాళీతో 'ఘ' రాసి చూడు, మడతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దవుతుంది. 'స్త్ర' అయితే కింద ఒత్తులు రెండూ సిరా చుక్కలే. 'గ', 'ర', 'ల' మాత్రం చదును మొనకోసమే పుట్టాయా అన్నట్టు ఒదుగుతాయి. 'ల' చుట్టు మొదట్లో సన్నగా బయల్దేరి, దిగుతూ లావెక్కి, మళ్లీ పైకి లేస్తూ సన్నబడటం చూడటానికి నేను ఊరికే వరసంతా 'ల'లు రాసిన రోజులున్నాయి.

కాబట్టి 1.1 నీకు గరిష్ఠం అనుకో. దానికి కూడా అక్షరం కాస్త పెద్దది చేసుకోవాలి. అదీ మంచికే, నీ రాత మరీ చీమల బారు.

పెన్నుల విషయానికొస్తే, చవకలో నాకు తెలిసినవి మూడు నాలుగే, అవి చాలు. పైలట్ వాళ్ల ప్లూమిక్స్ ఇటాలిక్ పాళీతోనే వస్తుంది. చూడటానికి బొమ్మ పెన్నులా ఉంటుంది, రాత మాత్రం బొమ్మ కాదు. దాని పాళీ తీసి అదే కంపెనీ మెట్రోపాలిటన్‌లో పెట్టుకోవచ్చు, సరిగ్గా కూర్చుంటుంది. మెట్రోపాలిటన్‌ని నేరుగా అలాంటి పాళీతో కూడా అమ్ముతారు. పాళీ రకం 'సీఎం', అంటే కాలిగ్రఫీ మీడియం, అని ఉందేమో చూసుకో. 1.1 కన్నా అది సన్నం. నీ రాతకి నా ఓటు దానికే.

లామీ సఫారీ 1980 నుంచీ ఉంది. దానికి 1.1, 1.5, 1.9 మూడు వెడల్పులూ దొరుకుతాయి. పాళీ మీద టేపు అంటించి తిన్నగా ముందుకి లాగితే జారి వచ్చేస్తుంది. ఒక పెన్ను, రెండు పాళీలు పెట్టుకుంటే సరిపోతుంది. నీ 1.9 మోజు కూడా ఎప్పుడో ఒకప్పుడు అలా తీర్చుకోవచ్చు. కాకపోతే దాని పట్టు మూడు పలకలుగా ఉంటుంది, వేళ్లు అవి చెప్పిన చోటే కూర్చోవాలి. పెన్ను చేతిలో దొర్లిపోయేవాళ్లకి వరం. పెన్నుని కాస్త పక్కకి తిప్పి పట్టుకునే అలవాటున్నవాళ్లకి రోజూ గొడవే. నీది ఏ పట్టో అద్దం ముందు కూర్చుని రాసి చూసుకో, నవ్వకు, నిజంగానే చెబుతున్నా.

ట్విస్బీ ఎకో 1.1 స్టబ్‌తో దొరుకుతుంది. పిస్టన్ తిప్పితే ఒళ్లంతా సిరా నిండుతుంది. చదును పాళీ సిరా బాగా తాగుతుంది. మామూలు పెన్నుల లోపల సిరా పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది చూడు, కన్వర్టర్ అంటారు, అందులో పట్టేది మిల్లీలీటరుకి లోపే గనక రెండు రోజులకోసారి సీసా తియ్యాలి. ఎకోలో దానికి రెట్టింపు దాకా పడుతుంది.

స్టబ్ అన్నాను కదా, దాని సంగతీ చెప్పేస్తా. స్టబ్ కూడా చదును మొనే, మూలలు గుండ్రంగా అరగదీసి ఉంటాయి. అచ్చమైన ఇటాలిక్‌కి మూలలు పదును. సన్నం గీత మరింత సన్నగా వస్తుంది, కాగితాన్ని గీరుకునేదీ అదే. మొదటి పెన్నుకి మూలలు మెత్తబడ్డ రకమే తీసుకో. మూడు పాళీలతో వచ్చే కాలిగ్రఫీ సెట్టు ఎదురైతే, అందులో అన్నిటికన్నా సన్నం పాళీ ఒక్కటే లెక్కలోకి తీసుకుని బేరం తేల్చుకో. మిగతా రెండూ డబ్బాలోనే ఉండిపోతాయి.

కొత్త పెన్ను రాగానే సిరా పొయ్యకు. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, ఆ నీళ్లు నాలుగుసార్లు పీల్చి వదిలి, తరవాత మంచినీళ్లతో కడుగు. తయారీలో మిగిలిన జిడ్డు ఉంటే సిరా తెగుతుంది, నువ్వు పాళీ పాడైందనుకుంటావు. సిరా ఫౌంటెన్ పెన్నుదే అయ్యుండాలి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు పోశావో, అందులోని లక్క ఎండి పెన్ను లోపల రాయిలా బిగుసుకుపోతుంది. నేను ఒకటి అలాగే పోగొట్టుకున్నాను. నల్లగా నిగనిగలాడుతుందని ఆశపడి పోశాను, మూడోరోజుకి మూత తీస్తే పాళీ కదల్లేదు, గీతా పడలేదు.

కాగితం నున్నగా ఉండాలి. పల్చటి గరుకు కాగితం మీద సిరా పీచులు పీచులుగా పాకిపోయి, సన్నం గీత కూడా లావైపోతుంది. ఇంత కష్టపడి కోణం పట్టుకున్నదంతా వృథా. తడి ఎక్కువ గనక ఆరడానికి టైము పడుతుంది. అద్దుడు కాగితం ముక్క ఒకటి పుస్తకంలో పెట్టుకో.

రాసేటప్పుడు పాళీ అంచు పూర్తిగా కాగితం మీద ఆనాలి. గీత ఒక పక్క నున్నగా, ఇంకో పక్క చిరిగిన గుడ్డలా పడుతుంటే ఒక మూల గాల్లో ఉందని అర్థం. పెన్నుని వేళ్ల మధ్య వెంట్రుకవాసి తిప్పు, దారికొస్తుంది. కొత్తల్లో "పెన్ను రాయట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. పైకి వెళ్లే గీతల్ని నెట్టకు, తేలిగ్గా తీసుకుపో. రోజూ పేజీ మొదట్లో అయిదు సున్నలు చుట్టు. పదిన్నర దగ్గరా నాలుగున్నర దగ్గరా సన్నబడ్డాయంటే చెయ్యి కుదిరినట్టే, ఇక సున్నల సంగతి మర్చిపోయి రాసుకో.

గీరుకుంటోందని గబుక్కున ఉప్పుకాగితం తియ్యకు. నేను తీశాను. కొత్త పాళీ ఒక మూల పట్టుకుంటోందని, చెక్క రుద్దే ఉప్పుకాగితం మీద నాలుగు రుద్దులు రుద్దాను. మూల పోయింది, దాంతోపాటు అంచూ పోయింది. అరిగిన చెప్పులా ఒక పక్కకి ఒరిగి, సన్నం అనేదే రాయడం మానేసింది. ముందు భూతద్దం తీసుకుని చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ సమంగా ఉన్నాయో లేదో చూడు. ఒకటి పైకి లేచి ఉంటే గోటితో మెల్లగా సర్దితే చాలు. అప్పటికీ తగ్గకపోతే మైక్రోమెష్ అని మెరుగు పెట్టే అతి నున్నటి పట్టీ ఉంటుంది, దాని 12000 నంబరు మీద, నీ బరువు మొయ్యకుండా, ఆ మూల ఒక్కటే రెండు మూడు సార్లు తిప్పి రాసి చూడు. తీసినది మళ్లీ అతకదు గనక ప్రతిసారీ రాసి చూశాకే ఇంకోసారి.

చదును పాళీ తెచ్చే ఇంకో సుఖం రాసేదాకా తెలియదు. గీత వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఒకే గీతలో రంగు రెండు మూడు ఛాయల్లో కనబడుతుంది. మొదలైన చోట లేతగా, ఆగిన చోట సిరా చేరి ముదురుగా. నీలిరంగు సిరాల్లో బాగా తెలుస్తుంది, చిక్కటి నలుపులో ఏమీ కనబడదు. అందుకే మొదటి సీసా నలుపు కొనకు. ముద్దుగా దాచుకోవడానికి కాదు పెన్ను, చేయాల్సిన పనుల చీటీ కూడా దాంతోనే రాయి. నేనైతే లెక్కల పుస్తకంలో అంకెలు కూడా దాంతోనే వేస్తాను. ఎనిమిది భలే పడుతుంది.

సిరా మార్చినప్పుడల్లా నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. వారాల తరబడి వాడనంటే ఖాళీ చేసి పెట్టు.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క. చెల్లి కూడా ఒకటి కావాలందన్నావు. అది ఎడమచేతి వాటం కదా. లామీలో ఎడమచేతివాళ్లకని ఒక పాళీ ఉంది, కానీ అది గుండ్రం మొన, ఇటాలిక్ కాదు. పేరు చూసి కొనెయ్యకండి. గీతకి కిందనుంచి చెయ్యి పెట్టి రాసేటట్టయితే, కాగితం పైభాగం కుడివైపుకి బాగా తిప్పుకుని మామూలు 1.1తోనే మొదలుపెట్టమను. పైనుంచి చెయ్యి వంచి రాసే అలవాటైతే తడి సిరా అంతా అరచేతికే అంటుతుంది, ముందు ఆ రెండు పెన్సిళ్లూ దాని చేతికివ్వు.