కొత్త బేస్ గిటార్ కోసం కార్డు గీకే ముందు

ప్రశ్న: నా వయసు 27. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 34,000 చేతికొస్తుంది, ఇంటి ఖర్చులన్నీ కలిపి 25,000 అవుతాయి. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజుల్లో ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లలో, పండగ స్టేజీల మీద బేస్ గిటార్ వాయిస్తాను. దాని మీద ఏడాదికి 60,000 దాకా వస్తుంది. నాలుగేళ్ల కిందట 21,000 పెట్టి కొన్న నాలుగు తీగల బేస్ నాది. ఇప్పుడు సౌండ్ పల్చగా వస్తోంది, గుయ్‌మనే హమ్ ఉంది, ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దాటితే తీగ గరగరమంటోంది. పికప్‌లు (తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేవి), ప్రీయాంప్ (ఆ సిగ్నల్‌ని పెంచేది), బ్రిడ్జి (కింద తీగలు ఆనే లోహపు పట్టీ) మార్చడానికి 30,000 అడిగారు. ఫెండర్ కంపెనీ కొత్త ప్రెసిషన్ బేస్ 1,10,000. దానికి క్రెడిట్ కార్డు మీద 24 నెలల ఈఎంఐ ఇస్తామంటున్నారు, వడ్డీ 16 శాతం. ఇంకొకాయన ఐదు తీగల బేస్ నా కొలతలకు చేసి 85,000కి ఇస్తానన్నారు, సగం అడ్వాన్స్. బ్యాంకులో 95,000 ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పిన మూడూ పక్కన పెట్టి, ముందు ఐదారు వేలు ఖర్చు పెట్టమంటాను. ఎందుకో చెప్తాను.

మీరు రాసిన మూడు బాధల్లో ఏ ఒక్కటీ పాత గిటార్‌ని వదిలించుకోవాల్సినంత పెద్దది కాకపోవచ్చు. ఐదో ఫ్రెట్ దాటాక గరగర అంటే చాలాసార్లు నెక్ (గిటార్ మెడ) కదిలిందనో, తీగలు ఫ్రెట్లకు మరీ దగ్గరయ్యాయనో అర్థం. విజయవాడ మే నెల ఎండ, ఆ వెంటనే వానాకాలం చెమ్మ, వీటి మధ్య చెక్క అటూ ఇటూ వంగుతూనే ఉంటుంది. ఒకసారి ఇలా చూడండి. ఒకే తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర రెండో చేత్తో నొక్కి పట్టుకోండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందమంత సందు ఉండాలి. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగినట్టు. నెక్ లోపలుండే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, పావు చుట్టు వదులు చేసి, ఒక పూట ఆగి చూస్తే చాలావరకు సర్దుకుంటుంది. చేయి తిరిగిన మనిషి చేతనే తిప్పించండి, మరీ బిగిస్తే రాడ్ పాడవుతుంది.

సౌండ్ పల్చగా ఉందన్నారు. తీగలు ఎప్పుడు మార్చారో రాయలేదు. చెమట, దుమ్ము పట్టిన తీగ మొద్దుబారిపోతుంది, శ్రుతి కూడా నిలవదు. మంచి కంపెనీ నాలుగు తీగల సెట్ రెండు నుంచి మూడు వేల మధ్య దొరుకుతుంది. సన్నపు తీగల బదులు 45-105 మందం సెట్ వేసి చూడండి. పాత పాటల్లో వినిపించే ఆ గుండ్రని, మెత్తని బేస్ కావాలంటే ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా ఉండేవి) అడగండి. ధర ఎక్కువే కానీ ఏళ్ల తరబడి ఉంటాయి. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డులకు వాయించిన జేమ్స్ జేమర్సన్ దగ్గర 1962 నాటి ప్రెసిషన్ బేస్ ఒకటి ఉండేది. దానికి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆ సౌండ్ కోసమే ఇవాళ్టికీ జనం పికప్‌ల మీద పికప్‌లు మారుస్తున్నారు.

ఇక హమ్. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. గుంటూరులో చదువుకునే రోజుల్లో నేనూ చర్చి క్వయర్‌లో నాలుగేళ్లు బేస్ వాయించాను. నా గిటార్ కూడా ఇలాగే గుయ్‌మనేది. పికప్ మారిస్తే పోతుందని ఒక షాపతను చెప్తే, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు మొత్తం దాని మీదే పెట్టాను. హమ్ పోలేదు. ఆరు నెలల తర్వాత వేరే మెకానిక్ వెనక మూత విప్పి చూస్తే, బ్రిడ్జి కిందికి వెళ్లే గ్రౌండ్ వైరు ఊడి ఉంది. ఒక్క టంకం చుక్కతో హమ్ ఆగిపోయింది. ఆ నెలల టెన్షన్, ఆ డబ్బు నాకు ఇంకా గుర్తున్నాయి. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

తీగల మీద చెయ్యి వేయగానే హమ్ తగ్గుతోందా చూడండి. తగ్గితే గ్రౌండ్ బాగానే ఉన్నట్టు, లోపల రాగి టేపుతో షీల్డింగ్ చేయిస్తే చాలావరకు పోతుంది. చెయ్యి వేసినా తేడా లేకపోతే వైరింగ్ విప్పి చూడాలి. మీది జాజ్ రకం, అంటే రెండు సన్నని పికప్‌లు ఉన్నదైతే, రెండు వాల్యూములూ సమానంగా పెట్టి చూడండి. ఒకటి తగ్గించినప్పుడే హమ్ వస్తుంటే అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ స్వభావం, లోపం కాదు. గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటే అదీ మార్చండి. కేబుల్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది, దిగిన బ్యాటరీతో సౌండ్ చీదరగా వస్తుంది.

సెటప్ (నెక్, తీగల ఎత్తు సర్దడం), తీగలు, షీల్డింగ్, జాక్, వాల్యూమ్ పాట్‌ల శుభ్రం అన్నీ కలిపి ఐదారు వేలలో అయిపోవాలి. ఆ తర్వాత రెండు నెలలు వాయించండి. అప్పటికీ తృప్తి లేకపోతే అది నిజమైన అవసరం.

ఇప్పుడు ఆ 30,000 సంగతి. 21,000 గిటార్ మీద 30,000 పెడితే దాని విలువ 51,000 కాదు. రేపు అమ్మకానికి పెడితే కొనేవాడు మోడల్ పేరు చూసి బేరమాడతాడు, మీ ప్రీయాంప్‌కి పైసా కట్టడు. పైగా వైరింగ్‌లో ఎవరి చెయ్యి పడిందో అని అనుమానిస్తాడు. పార్టులు మార్చడం తప్పని నేను అనను. ఇష్టంతో చేసుకునే ఖర్చు అది, ఖర్చుగానే లెక్క రాసుకోండి, ఆస్తిగా కాదు. ఎప్పుడైనా మారిస్తే మాత్రం కంపెనీ పికప్‌లు, స్క్రూలతో సహా ఒక డబ్బాలో దాచండి. అమ్మేటప్పుడు పాతవి బిగించి గిటార్‌ని ఒకరికి, మంచి పికప్‌లను ఇంకొకరికి విడిగా అమ్ముకోవచ్చు. నష్టం తగ్గే దారి అదొక్కటే.

ఫెండర్ మీద మీ మనసెందుకు పోయిందో నాకు బాగా తెలుసు. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ని 1951లో, జాజ్ బేస్‌ని 1960లో తెచ్చాడు. నాలుగు స్క్రూలతో బిగించే నెక్, 34 అంగుళాల తీగ పొడవు అప్పట్నుంచి, ప్రెసిషన్ పికప్ ఆకారం 1957 నుంచి పెద్దగా మారలేదు. అందరికీ తెలిసిన కొలతలు కాబట్టే ఏ ఊళ్లోనైనా మెకానిక్‌కి పని తెలుసు, పార్టులు దొరుకుతాయి, అమ్మితే కొనేవాళ్లుంటారు. డబ్బు దృష్టితో చూసినా అది మంచి గిటారే. నా అభ్యంతరం గిటార్ మీద కాదు, ఈఎంఐ మీద.

లెక్క చూద్దాం. 1,10,000కి 16 శాతం వడ్డీతో 24 నెలలకు ఈఎంఐ సుమారు 5,390. మొత్తం వడ్డీ దాదాపు 19,260. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 3,470. అంటే దాదాపు 22,700 అదనం, ప్రాసెసింగ్ ఫీజు కాక. మీరు ఇప్పుడు వాడుతున్న గిటార్ కొన్న ధర కంటే ఎక్కువ. ఒకవేళ 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నా, రొక్కానికి ఇచ్చే డిస్కౌంటు ఎంతో ముందు అడగండి. చాలాసార్లు వడ్డీ ఆ పోయిన డిస్కౌంటులోనే ఉంటుంది.

ఇంకా పెద్ద ఇబ్బంది మీ సంపాదన తీరులో ఉంది. దసరా, మాఘం, డిసెంబర్ క్రిస్మస్ కార్యక్రమాలు, వీటిలో మీకు ఊపిరి ఆడదు. ఆషాఢం వచ్చిందా, మూఢం వచ్చిందా, ముహూర్తాలుండవు, ఆర్కెస్ట్రాకు పిలుపులుండవు. ఈఎంఐకి మాత్రం మూఢం లేదు, ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది. ఆ నెలల్లో అది మీ జీతంలోంచే పోవాలి. మీకు నెలకు మిగిలేది 9,000. అందులో 5,390 తీసేస్తే ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినా కార్డు మీదే పడతారు, అప్పుడు బాకీ మీద వడ్డీ ఏడాదికి 40 శాతం దగ్గర ఉంటుంది.

ఒక్క మాట మీ ఆర్కెస్ట్రా నడిపే ఆయన్ని అడగండి: "నేను లక్ష రూపాయల గిటార్ తెస్తే నా పేమెంట్ పెంచుతారా?" పెంచుతానంటే లెక్క వేరు. నేను చూసినంతవరకు మళ్లీ పిలిచేది తాళం తప్పని, టైముకి వచ్చే మనిషిని.

బ్యాంకులోని 95,000లో 75,000 మీ మూడు నెలల ఇంటి ఖర్చు. దాన్ని గిటార్ కోసం ముట్టుకోవద్దు. మీ ఉద్యోగం వాళ్లు ఇచ్చిన ఆరోగ్య బీమా కాక సొంతంగా ఒకటి లేకపోతే, గిటార్ కంటే ముందు అది. మిగిలిన 20,000లో 6,000 రిపేర్లకు పోతే 14,000 ఉంటుంది. ఆ 14,000తో ఒక విడి సేవింగ్స్ ఖాతా తెరవండి. ఇక నుంచి బేస్ వాయించి వచ్చిన ప్రతి రూపాయీ, చేతికిచ్చిన నోట్లు కూడా, అందులోనే వేయండి. తీగలు, ఆటో ఛార్జీలు, స్టేజీ బట్టలు అందులోంచే తీయండి. ఖర్చులు పోను ఏడాదికి 45,000 నిలిచిందనుకుందాం. ఆ 14,000తో కలిపి మొదటి ఏడాది చివరికి 59,000 అవుతుంది, రెండో ఏడాది చివరికి 1,04,000, వడ్డీ కాక. ఈఎంఐ దారిలో అదే రెండేళ్లలో మీరు 1,32,700 కడతారు. అవును, మీ చేతికి గిటార్ ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం కష్టమని నాకు తెలుసు, ఇరవై ఏడేళ్ల వయసులో మరీను. కానీ ఈ దారిలో పాత బేసే తన తర్వాతి బేస్‌ని కొనిపెడుతుంది, మీ జీతం జోలికి రాకుండా.

రెండేళ్లు ఆగక్కర్లేదు కూడా. ఏడాది తర్వాత ఆ 59,000తో మంచి సెకండ్ హ్యాండ్ బేస్ చూడొచ్చు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో బాగా వాడిన గిటార్లు అమ్మేవాళ్లు ఉంటారు. మీతో ఒక మెకానిక్‌ని తీసుకెళ్లండి. నెక్‌ని తల వైపు నుంచి చూసి మెలి తిరిగిందేమో గమనించండి. ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందా, ఫ్రెట్లు గుంటలు పడ్డాయా, ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్‌లో వాయించి వినండి. సీరియల్ నంబరు, బిల్లు అడగండి, పెద్ద బ్రాండ్లకు నకిలీలున్నాయి. అరగంట భుజానికి తగిలించుకుని నిలబడండి. నాలుగున్నర కిలోలు దాటిన గిటార్ నాలుగు గంటల పెళ్లి రిసెప్షన్‌లో మీ భుజాన్ని తినేస్తుంది.

కస్టమ్ గిటార్ గురించి. దాన్ని చేసే ఆయన పనితనాన్ని నేను శంకించడం లేదు. మీ కొలతలు మీకు తెలుసా అన్నదే నా ప్రశ్న. నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు జాజ్ బేస్‌ది 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్‌ది సాధారణంగా 41, 42. మీ ఎడమ చేతికి ఏది హాయి? ఐదు తీగల మధ్య దూరం ఎంత కావాలి? వీటికి చేతితో తెలుసుకున్న సమాధానం లేకుండా చేయించుకుంటే, నచ్చకపోయినా వదిలించుకోలేరు. మీ కొలతలకు చేసినదాన్ని కొనేవాళ్లు చాలా తక్కువ.

ఐదో తీగ నిజంగా కావాలా అన్నది కూడా చూడండి. నాలుగు తీగల్లో అడుగున ఉన్న 'ఈ' (E) తీగ 41 హెర్ట్జ్, ఐదోదైన 'బి' (B) తీగ 31. చాలా చర్చి హాళ్లలోని స్పీకర్లు 50 దిగేసరికే నీరసిస్తాయి. స్టేజీ మీద మీకు వినబడే ఆ లోతు వెనక వరసల దాకా పోదు. రెండు మూడు పాటలకే అవసరమైతే 'ఈ' (E) తీగను 'డి' (D) స్వరానికి దించి వాయించొచ్చు, ఖర్చు లేదు. ఎక్కువ పాటలకు కావాలంటే ఎవరి దగ్గరైనా ఐదు తీగల బేస్ నెల రోజులు అరువు తెచ్చుకుని వాయించాక నిర్ణయించుకోండి.

పన్ను సంగతి కూడా చెప్పాలి. గిటార్ కొంటే పన్ను తగ్గుతుందని ఎవరైనా అంటే మీకది వర్తించదు. కొత్త పద్ధతిలో మీ జీతం, ఈ 60,000 కలిపినా పన్ను పడే స్థాయిలో లేరు. అయినా ఆ ఆదాయం రిటర్నులో చూపించండి. ఎవరైనా నిర్వాహకులు టీడీఎస్ కోసుకుని ఉంటే రిటర్ను వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. తీగల బిల్లు, రిపేరు బిల్లు పారేయకండి.

రెండోది కొన్నాక మొదటిదాన్ని ఎలాగూ పది, పన్నెండు వేలకే అడుగుతారు. అమ్మకండి. క్రిస్మస్ రాత్రి పాట మధ్యలో తీగ తెగితే ఆ పక్కన సిద్ధంగా నిలబెట్టుకోవడానికి అది కావాలి.